దూది పట్టుకునే పని

ఓల్డ్‌హామ్‌లో మా లేబరేటరీ
ఒకప్పటి నూలు మిల్లు.
కదుళ్లు తిరిగిన నేల మీద ఇప్పుడు
మూడు మీటర్ల కొలిమి నోరు తెరుచుకుని ఉంటుంది.
దాని మూతికి ఒక రోజు గోడ, ఒక రోజు తలుపు
బిగించి గ్యాసు వెలిగిస్తాం.

ఇక్కడి మంట ఇష్టారాజ్యపు మంట కాదు.
ప్రమాణపత్రంలో గీసిన గీత మీదే నడవాలి:
ఐదో నిమిషానికి ఐదు వందల డెబ్బై ఆరు,
అరగంటకి ఎనిమిది వందల నలభై రెండు.
కాస్త పక్కకి ఒరిగిందా,
పాలు పొంగకుండా చూసేదానిలా నజ్మా
మరను వెంట్రుకవాసి తిప్పుతుంది.

ఇవాళ్టి తలుపు
రోచ్‌డేల్ వడ్రంగి క్లిఫ్ ఎంట్‌విసిల్ చేసింది.
పన్నెండంతస్తులు, డెబ్బై రెండు ఫ్లాట్లు, డెబ్బై రెండు తలుపులు.
అన్నిటి తరఫునా ఇదొక్కటీ కాలుతుంది.
అరవై నిమిషాలు ఆగాలి.
అరవై అంటే
పదకొండో అంతస్తులో మోకాళ్లు పట్టేసిన మనిషి
చెప్పులు వెతుక్కుని, నిచ్చెన వచ్చేదాకా
కిటికీ దగ్గర కూర్చోవడం.
పత్రంలో అలా రాసి ఉండదు.
పత్రంలో అరవై అనే ఉంటుంది.

తలుపు వీపుకి రాగి బిళ్లలు అంటించాం, జ్వరం చూడ్డానికి.
అటు నరకం. ఇటు మా టీ కప్పులు.
క్లిఫ్ తన కప్పు ముట్టుకోలేదు.

నా పని దూది పట్టుకోవడం.
నవ్వకండి, అది కూడా ప్రమాణమే:
జానెడు కూడా లేని చదరపు దూదిమెత్త,
నాలుగు గ్రాముల లోపు,
ముందే పొయ్యిలో ఆరబెట్టి చెమ్మ తీసింది.
తీగ చట్రంలో పెట్టి
పొగ చిమ్ముతున్న సందు ముందు ముప్పై సెకన్లు.
నల్లబడితే ఫరవాలేదు.
కనలకూడదు.

ఆదోని పత్తి యార్డు గేటు దగ్గర
హుసేనప్ప అని ఒక కావలివాడు ఉండేవాడు.
లోపలికొచ్చే ప్రతివాడి జేబూ తడిమి
అగ్గిపెట్టె లాక్కునేవాడు.
సాయంత్రానికి అతని బుట్ట నిండేది.
దూది దగ్గరికి నిప్పు రాకుండా చూసి అతను జీతం తీసుకున్నాడు.
నిప్పు దగ్గరికి దూది పట్టుకెళ్లి నేను తీసుకుంటున్నాను.

నలభై ఆరు దాటింది.
ఉత్తరాలు వేసే సందు చుట్టూ
గోధుమరంగు మరక పాకింది.
లోపలి పట్టీ వేడికి పూరీలా పొంగి
సందును మూసెయ్యాలి.
ఎడమ పక్కన పొంగింది.
కుడి పక్కన, ఎందుకో, పొంగలేదు.

దూది పెట్టాను.
పది. ఇరవై.
మిల్లు కప్పు మీద వాన.
ఇరవై ఐదు. అంచు నల్లబడింది.
ఇరవై ఎనిమిది.
ఇరవై తొమ్మిదిలో, మధ్యలో ఎక్కడో
మిణుగురంత ఎరుపు.

క్లిఫ్ చూశాడు. నేను చూశానని కూడా చూశాడు.
"ఒక్క సెకను" అన్నాడు.
కాసేపాగి, "ఆ మూత నేను చేసింది కాదమ్మాయ్.
కొనుక్కొచ్చి బిగించాను."
తలూపి రాశాను:
నలభై ఏడు నిమిషాలు. దూది. ఉత్తరాల సందు.

మంట ఆపొద్దని అడిగాడు.
డబ్బు అతనిదే, ఆపలేదు.
అతని కర్ర డెబ్బై ఒకటో నిమిషం దాకా నిలబడింది,
వంగకుండా, బూడిద పొర కప్పుకుని.
అప్పుడు తాగాడు చల్లారిన టీ.
వెళ్తూ కాలిన మెత్తను వేళ్ల మధ్య నలిపి
"ఎక్కడి దూది ఇది?" అన్నాడు.
వాళ్లమ్మ ఇదే షెడ్డులో దారాలు ముడేసేదట.
పెట్టె మీద బ్యాచ్ నంబరు తప్ప ఏమీ లేదు.

రాత్రి ఇంటికొచ్చి
తాళం తియ్యకుండా గడప దగ్గర కూర్చున్నాను.
మా తలుపు కింద పెన్సిలు పెట్టి చూశాను.
ఆగకుండా లోపలికి దొర్లిపోయింది.
పెన్సిలు లావు ఏడు మిల్లీమీటర్లు.
ఎదురు ఫ్లాటావిడ చెత్తసంచితో నిలబడి
ఏమైనా పోయిందా అంది.
పెన్సిలు, అన్నాను.

రేపు గాజు గోడ.
తొంభై నిమిషాలు.